కుక్కకి పిడుదులు, ఇంట్లో గెంతుడు పురుగులు: ఎలా వదిలించుకోవాలి, జ్వరం వస్తే ఏం చేయాలి

వానలు పడ్డ దగ్గర్నుంచి ఒడిశాలో మన పర్లాకిమిడి, కాశీనగర్, గుణుపురం, ఇటు బరంపురం దాకా కుక్కో పిల్లో ఉన్న ఏ ఇంటికెళ్ళినా ఇదే గోల, కుక్కకి పిడుదులు పట్టేశాయి, పిల్లి ఒకటే గోక్కుంటోంది, పిల్లల కాళ్ళ నిండా దద్దుర్లు అని. చాలామంది చేసేదేటంటే కుక్కని పెరట్లో కట్టేసి గట్టిగా సబ్బు పెట్టి రుద్ది, కనపడిన నాలుగు పిడుదులు పీకి పారేసి హమ్మయ్య అనుకుంటారు, వారం తిరక్కుండా మళ్ళీ అవే ప్రత్యక్షం. ఎందుకంటే కుక్క మీద మీకు కనపడేవి కొన్నే, మిగతా సంతానమంతా మీ ఇంట్లోనే ఉంటాది, గోడ బీటల్లో, మంచం కింద, కుక్క పడుకునే గోనెసంచిలో. అందుకని కుక్కకి మందు, ఇంటికి శుభ్రం, రెండూ ఒకే రోజు మొదలెట్టాలి, మూడు నెలలు ఆపకుండా చెయ్యాలి. ఇది ఒక్కటి పట్టుకుంటే మిగతాదంతా సులువే.

ముందు మీ ఇంట్లో ఉన్నది ఏదో తేల్చుకోండి

పిడుదు గెంతదు, ఎగరదు, పాకుతాది. మన కుక్కల మీద ఎక్కువగా కనపడే గోధుమ రంగు పిడుదుకి అడవి అక్కర్లేదు, గుడ్డు దగ్గర్నుంచి మొత్తం బతుకు ఇంట్లోనే గడిపేస్తాది. బుల్లి పిల్లగా ఉన్నప్పుడు ఒకసారి, కొంచెం పెరిగాక ఒకసారి, పూర్తిగా ఎదిగాక ఇంకోసారి, ఇలా మూడుసార్లు కుక్క మీదకెక్కి రక్తం తాగి, తాగిన ప్రతిసారీ దిగిపోయి సందుల్లో దాక్కుంటాది. ఆడది రక్తం తాగి ఆముదం గింజలా ఉబ్బి దిగిందంటే ఒక్కటే వేలల్లో గుడ్లు పెడతాది. దీనికి పైకి ఎక్కే అలవాటు కూడా ఉంది కాబట్టి నేల ఒక్కటే చూస్తే సరిపోదు, గోడకి తగిలించిన క్యాలెండర్ ఎత్తి వెనక చూడండి, తలుపు చట్రానికీ గోడకీ మధ్య ఉన్న సందులో టార్చి వేసి చూడండి, స్విచ్ బోర్డు అంచులు, పెంకుటిల్లయితే చూరు కింద వాసాలు, అన్నీ చూడండి. తిండి లేకపోయినా నెలల తరబడి అలా కూర్చునే ఉంటాది.

గెంతుడు పురుగు వేరు, ఫ్లీ అంటారు దీన్నే. చాలా చిన్నది, ముదురు గోధుమ రంగు, రెండు పక్కలా నొక్కినట్టు పల్చగా ఉంటాది, పట్టుకోబోతే టక్కున గెంతేస్తాది. పిల్లి మీద ఉండే జాతే కుక్కకి కూడా పడతాది. ఆడది రోజుకి 40, 50 గుడ్ల దాకా పెడుతుంది, ఆ గుడ్లు వెంట్రుకలకి అంటుకోవు, కుక్క ఎక్కడ పడుకుంటే ఎక్కడ ఒళ్ళు దులుపుకుంటే అక్కడ రాలిపోతాయి, అందులోంచి వచ్చే పిల్ల పురుగులు దుమ్ములో బతికి తర్వాత గూడు కట్టుకుంటాయి. ఈ గూడే పెద్ద తలనొప్పి, మందు లోపలికి సరిగ్గా పోదు, పైగా మనుషుల అడుగుల అదురు తగిలేదాకా లోపలే వారాలు, నెలలు ఉండిపోగలవు. ఎండాకాలం సెలవులకి ఇల్లు తాళం వేసి విశాఖో విజయనగరమో వెళ్ళొచ్చి తలుపు తియ్యగానే కాళ్ళకి ఒక్కసారి వందల పురుగులు పట్టుకునేది అందుకే, అవి కొత్తగా ఎక్కడి నుంచో రాలేదు.

పురుగు కనపడక అనుమానంగా ఉంటే ఇలా చెయ్యండి. ఒక తెల్ల కాగితమో టిష్యూనో తడిపి నేల మీద పరిచి, కుక్కని దాని మీద నిలబెట్టి తోక మొదట్లో నడుం మీద పేల దువ్వెనతో దువ్వండి. నల్లటి నలకలు రాలతాయి. మామూలు మట్టి అయితే తడి కాగితం మీద అలాగే నల్లగా ఉండిపోతాది, ఫ్లీ పెంట అయితే రెండు నిమిషాల్లో చుట్టూ ఎర్రగా, తుప్పు రంగులో కరుగుతాది, అది కుక్క రక్తమే. ఒక్క నలక ఎర్రగా మారినా ఇంట్లో ఉన్నట్టే లెక్క.

పిడుదుని పీకే పద్ధతి

వెతికేటప్పుడు చెవి మడత తిప్పి లోపల, కాలి వేళ్ళ మధ్య, చంకలో, గజ్జల్లో, తోక కింద, మెడబెల్టు విప్పి దాని కింద, ఈ చోట్లు తప్పకుండా చూడాలి. వేళ్ళ మధ్య దూరినవి చాలామందికి కనపడవు, కుక్క అదే పనిగా కాలు నాకుతుంటే అక్కడే ఉన్నట్టు.

చేతికి గ్లౌజు, లేదంటే పాలిథిన్ కవరు తొడుక్కోండి. కనుబొమ్మలు తీసే ప్లక్కర్ ఉంటాది కదా, దాంతో పిడుదు పొట్ట పట్టుకోకుండా, చర్మానికి ఎంత దగ్గరగా వీలయితే అంత దగ్గర దాని తల భాగాన్ని పట్టుకుని, మెలితిప్పకుండా నెమ్మదిగా నిటారుగా పైకి లాగండి. పొట్ట నొక్కితే దాని లోపలి ద్రవం కుక్క ఒంట్లోకి వెళ్ళే ప్రమాదముంది. తీసింది స్పిరిట్ పోసిన చిన్న సీసాలో వెయ్యండి, అది లేకపోతే సెల్లోటేపు మీద అంటించి మడిచెయ్యండి, బుల్లి పిల్ల పిడుదులు గుంపుగా పాకుతుంటే టేపుతో అద్దడమే మంచిది. తర్వాత చేతులు సబ్బుతో కడుక్కుని, కరిచిన చోట బెటాడిన్ రాయండి.

గోళ్ళ మధ్య పెట్టి టప్పున నలపడం మన వైపు బాగా అలవాటు, పెద్దవాళ్ళు అరుగు మీద రాయి పెట్టి నలుపుతారు కూడా. ఇది మానెయ్యండి, మానిపించండి. దాని రక్తంలో ఉన్న క్రిమి మన చేతి మీద చిన్న గీత ఉన్నా, ఆ చెయ్యి కంటికి తగిలినా లోపలికి పోగలదు. కిరసనాయిలు పొయ్యడం, అగ్గిపుల్లతో కాల్చడం, వేజలీన్ పూసి ఊపిరాడకుండా చెయ్యడం కూడా వద్దు, అది పట్టు వదలడానికి ముందే ఇంకాస్త ఉమ్మి ఒంట్లోకి వదులుతాది, జబ్బు వచ్చేది ఆ ఉమ్ములోంచే.

కుక్కకి, పిల్లికి మందు

ఇక్కడ తొందరపడొద్దు. మొదట బరువు తెలియాలి, ఎందుకంటే మందు మోతాదంతా బరువు మీదే. కుక్కని ఎత్తుకుని బరువు మెషీను ఎక్కండి, తర్వాత మీరొక్కరే ఎక్కండి, తేడా రాసుకోండి, అంతే. ఆ కాగితం పట్టుకుని పశువుల ఆస్పత్రికి వెళ్ళండి.

డాక్టర్లు ఎక్కువగా రాసేవి మూడు రకాలు. మెడ వెనక భుజాల మధ్య వెంట్రుకలు పాయ తీసి చర్మం మీద వేసే చుక్కల మందు, ఫిప్రోనిల్ ఉన్నది, నెలకోసారి, వేసేముందు రెండు రోజులూ వేశాక రెండు రోజులూ స్నానం చేయించకూడదు. రెండోది మింగే మాత్ర, నెక్స్‌గార్డ్ లాంటివి నెలకి ఒకటి, బ్రావెక్టో అయితే దాదాపు 3 నెలలు పనిచేస్తాది, అన్నంతోపాటు పెట్టాలి. ఖరీదు ఎక్కువే గానీ ఇంటి నిండా పిడుదులున్నప్పుడు నా ఓటు మాత్రకే, ఎందుకంటే ఇంట్లోంచి ఎన్ని ఎక్కినా కుక్క రక్తం తాగగానే చస్తాయి, అంటే కుక్కే వాటికి ఉచ్చు అవుతాది. మీ కుక్కకి ఎప్పుడైనా ఫిట్స్ వచ్చి ఉంటే మాత్రం ఆ సంగతి డాక్టరుకి ముందే చెప్పండి, ఈ మాత్రలు అలాంటి వాటికి సరిపడకపోవచ్చు. మూడోది నీళ్ళలో కలిపి ఒళ్ళు తడిపే మందు, అమిట్రాజ్ లాంటివి, చవక, కానీ కొలత తప్పితే విషం, ఆరేదాకా నాకకుండా మూతికి కట్టాలి, పిల్లులకీ చిన్న కుక్కపిల్లలకీ షుగరున్న కుక్కలకీ వాడకూడదు. షాంపూ ఆ పూటకి ఉన్నవాటిని రాల్చుతాది, రేపటికి దాని బలం ఉండదు.

పిల్లి ఉన్నవాళ్ళు ఈ ఒక్క లైను రెండుసార్లు చదవండి. కుక్క కోసం అమ్మే పెర్మెత్రిన్ మందు పిల్లికి పడితే చచ్చిపోతాది. వణుకు, ఫిట్స్, కొన్ని గంటల్లో ప్రాణం పోవచ్చు. కుక్కకి రాసినా సరే, పిల్లి దాన్ని ఆనుకుని పడుకుంటే చాలు. పిల్లికి పిల్లి మందే అడిగి తీసుకోండి.

ఇంకా మన ఊళ్ళలో చూసేది పంటకి కొట్టే పురుగుమందు కాస్త నీళ్ళలో కలిపి కుక్క ఒళ్ళంతా పోసెయ్యడం, ఆవుకి కొట్టే మందు మిగిలితే కుక్కకీ అదే. నోటెంట నురగ, కాళ్ళు కొట్టుకోవడం మొదలైందంటే సబ్బునీళ్ళతో కడిగేసి పరుగున డాక్టరు దగ్గరికెళ్ళాలి, 1962కి ఫోన్ చేస్తే పశువుల అంబులెన్సు వచ్చే చోట దాన్నీ పిలవచ్చు. వెల్లుల్లి తినిపిస్తే పురుగు పట్టదనే మాట నమ్మొద్దు, వెల్లుల్లి ఉల్లి రెండూ కుక్క రక్తాన్ని పాడుచేస్తాయి. ఫినాయిల్ పిల్లికి విషం. వేపనూనె కొంచెం దూరం పెడతాది, పట్టినవాటిని చంపేంత బలం దానికి లేదు.

8 వారాలు నిండని కూనలకి మందుల జోలికి వెళ్ళకుండా గోరువెచ్చని నీళ్ళు, తక్కువ సబ్బు, పేల దువ్వెన, అంతే. రోజూ దువ్వండి, దువ్వెన సబ్బునీళ్ళలో ముంచండి. వీటి చిగుళ్ళు పాలిపోయి తెల్లగా కనిపిస్తే ఆలస్యం చెయ్యొద్దు, గెంతుడు పురుగులు ఎక్కువైతే చిన్న కూన ఒంట్లో రక్తం మొత్తం లాగేస్తాయి.

అదే రోజు ఇల్లు

కుక్కకి మందు వేసిన పూటే కుక్క పడుకునే గోనెసంచి, పాత చీర, దుప్పటి ఏదైతే అది తీసేసి, ఉడకబెట్టగలిగితే ఉడకబెట్టండి, లేకపోతే సంచి కాల్చెయ్యండి, అంత పాత సంచి మీద మోజు పెట్టుకోకండి. ఇకనుంచి ఉతకడానికి వీలైన గుడ్డే వెయ్యండి, వారానికోసారి మరిగే నీళ్ళలో ముంచి ఎర్రటి ఎండలో ఆరెయ్యండి. ఫ్లీ పిల్లలు ఎండకి, పొడికి తట్టుకోలేవు, తేమ ఉంటేనే బతుకుతాయి, అందుకే వానల్లో ఈ బాధ ఇంత. కాస్త ఎండ కాసిన రోజు వదలకండి, చాపలు, పరుపులు, నులకమంచం అన్నీ బయట వేసి తిరగేసి దులపండి.

తర్వాత ఊడ్పు. మంచాల కింద, బీరువా వెనక, మెట్ల కింద ఊడ్చి ఆ దుమ్ముని పెరట్లోకి విసరొద్దు, సబ్బునీళ్ళ బకెట్లో వెయ్యండి లేకపోతే కాల్చండి. మొదటి రెండు వారాలు రోజూ, తర్వాత రెండ్రోజులకోసారి. సిమెంటు గచ్చు బీటల్లో, అరుగు మూలల్లో సలసల మరిగే నీళ్ళు పోస్తే గుడ్లతో సహా పోతాయి, పిల్లల్ని దూరం పెట్టి జాగ్రత్తగా పొయ్యండి. అది ఆరాక బీటలు సిమెంటుతో పూడ్చెయ్యండి, మట్టిగోడయితే మట్టి పేడ కలిపి మెత్తి అలికెయ్యండి. నాకు తెలిసి పిడుదుల బెడద పూర్తిగా వదిలిన ఇళ్ళన్నీ ఈ బీటలు పూడ్చిన ఇళ్ళే, మందుల మీద ఎంత పోసినా సందులు అలాగే వదిలేసిన చోట ప్రతి వానాకాలం తిరిగొచ్చాయి.

స్ప్రే కొట్టించాల్సి వస్తే తెలిసినవాళ్ళ చేత డెల్టామెత్రిన్ లాంటిది గోడ అడుగు భాగంలో, పైన చూరు దాకా సందుల్లో కొట్టించండి, పూర్తిగా ఆరేదాకా పిల్లలు, కుక్క, ముఖ్యంగా పిల్లి, చేపల తొట్టె ఉంటే అదీ, గదిలో ఉండకూడదు. రెండు వారాల తర్వాత ఇంకోసారి కొట్టించాలి, గూళ్ళలోంచి కొత్తవి బయటికొస్తాయి కదా. ఇంకోమాట, పెరట్లో ఇంటి గోడకి ఆనుకుని గడ్డి, కట్టెల మోపు ఉంచొద్దు. ఎలుకలుంటే ముందు పురుగుల పని చూసి తర్వాత ఎలుకల మందు పెట్టండి, ఎలుక చచ్చాక దాని మీది పురుగులు దిగి దగ్గర్లో ఉన్న మనిషినే వెతుక్కుంటాయి.

వీధికుక్కలు మీ అరుగు మీద పడుకుంటాయా, అయితే మీ ఇల్లొక్కటే శుభ్రం చేసి లాభం లేదు, పక్కింటివాళ్ళని కూడా కూర్చోబెట్టి మాట్లాడి నాలుగిళ్ళు కలిసి ఆ కుక్కలకి కూడా డాక్టరుని అడిగి మాత్ర పెట్టించండి.

కుక్కలో ఇవి కనపడితే ఆగొద్దు

పిడుదులున్న కుక్క రెండు రోజులు అన్నం ముట్టకపోతే ఎండకి అనుకోకండి. ఎర్లికియా అనే జ్వరం ఈ గోధుమ పిడుదు నుంచే వస్తాది, ఒళ్ళు కాలిపోతాది, చిగుళ్ళు పాలిపోతాయి, ప్లేట్‌లెట్లు పడిపోయి ముక్కులోంచి రక్తం, పొట్ట మీద ఎర్రటి చుక్కలు వస్తాయి. మూత్రం ఎర్రగానో కాఫీ రంగులోనో వస్తే, కళ్ళు పచ్చబడితే బబీసియా అనే ఇంకో పిడుదు జబ్బు కావచ్చు, దాని మందు వేరు, అందుకే రక్త పరీక్ష చేయించకుండా ఊరికే సూది వేయించొద్దు. ఎర్లికియాకి డాక్సీసైక్లిన్ మామూలుగా 28 రోజులు రాస్తారు. ఇక్కడే చాలామంది ఆపేస్తారు, ఐదోరోజుకి కుక్క లేచి తోకాడించి అన్నం తినేస్తాది, బాగైపోయిందని మానేస్తారు, నెలలు పోయాక అదే జబ్బు ఎముక మూలుగలోకి దిగి తిరిగొస్తే బతికించడం కష్టం. 28 అంటే 28 వెయ్యండి. కేసు ముదిరితే మన సరిహద్దు ఊళ్ళవాళ్ళకి గరివిడి వెటర్నరీ కాలేజీ ఆస్పత్రి ఒక దారి, భువనేశ్వర్ వెటర్నరీ కాలేజీ ఇంకో దారి, ఏది దగ్గరైతే అది.

తోక మొదట్లో జుట్టు ఊడి చర్మం ఎర్రగా పుండైతే అది ఫ్లీ ఉమ్మి పడక వచ్చే అలర్జీ, దానికి నాలుగైదు పురుగులు చాలు. మలద్వారం దగ్గర బియ్యం గింజంత తెల్ల ముక్కలు కదులుతుంటే అది బద్దెపురుగు, ఫ్లీని మింగితే వస్తాది. కుక్కతో ఆడే చిన్నపిల్లలు పొరపాటున పురుగుని మింగినా వాళ్ళకీ వస్తాది, మందుతో పోతాది, భయం లేదు.

ఆవులు మేకలున్నవాళ్ళకి ఒక్క మాట, పశువుల పిడుదు వేరే జాతి, జెర్సీ సంకర ఆవులు దానికి త్వరగా జబ్బుపడతాయి. ఆవు మూత్రం ఎర్రగా వచ్చి పాలు ఒక్కసారి తగ్గితే అదే పూట డాక్టరుని పిలవండి.

మనుషుల సంగతి

ఫ్లీ కాట్లు మోకాలి కింద, ఎక్కువగా చీలమండ దగ్గర, రెండు మూడు కలిసి ఎర్రగా దురదగా ఉంటాయి. గోకి పుండు చేసుకోకుండా చూస్తే తగ్గిపోతాయి. పిల్లులు రక్కినప్పుడు చంకలోనో మెడ దగ్గరో గడ్డ కట్టి జ్వరం వస్తే అది కూడా ఫ్లీల వల్లే మొదలయ్యే జబ్బు కావచ్చు, రక్కిన సంగతి డాక్టరుకి చెప్పండి.

పిడుదు కరిస్తే పైన చెప్పినట్టే ప్లక్కర్‌తో తియ్యండి, తారీఖు గోడ క్యాలెండర్ మీద రాయండి, కరిచిన చోటు ఫోన్లో ఫొటో తీసుకోండి. ఆ తర్వాత రెండు వారాలు గమనించండి. జ్వరం, తట్టుకోలేని తలనొప్పి, ఒంటి మీద అరచేతులూ అరికాళ్ళతో సహా ఎర్రటి మచ్చలు వస్తే ఇండియన్ టిక్ టైఫస్ అనే జ్వరం కావచ్చు, కుక్కల మీది గోధుమ పిడుదే దీన్ని మోస్తాది. ఇంటర్నెట్లో చదివి లైమ్ జబ్బని కంగారు పడేవాళ్ళున్నారు, అది ఎక్కువగా అమెరికా, యూరప్ వైపు బాధ. కర్ణాటకలో 1957లో బయటపడిన కోతుల జ్వరం కూడా పిడుదు జబ్బే, కానీ దాని ఇల్లు పడమటి కనుమల అడవులు.

మన గజపతి, రాయగడ, కోరాపుట్ కొండల్లో అసలు భయపడాల్సింది స్క్రబ్ టైఫస్‌కి. ఇది కుక్క వల్ల రాదు, పిడుదు వల్లా రాదు, పొదల్లో, ఎలుకలు తిరిగే గడ్డిలో ఉండే కంటికి కనపడనంత చిన్న నల్లి పిల్ల (మంచాల్లో ఉండే నల్లి కాదు, మైట్ అనే వేరే పురుగు) కుడితే వస్తాది. 2023లో ఒడిశాలోనే బర్గఢ్ జిల్లాలో దీనికి మనుషులు చనిపోయారు. జీడితోటలోకో, పోడు చేలోకో, కట్టెలకో వెళ్ళొచ్చాక కుట్టిన వారం పదిరోజులు, ఒక్కోసారి మూడు వారాల లోపు జ్వరం మొదలవుతాది. కుట్టిన చోట నొప్పి లేని నల్లటి పక్కు కడుతుంది, సిగరెట్టుతో కాల్చిన మచ్చలా ఉంటాది. అది కనపడే చోట ఉండదు, మొలతాడు కింద, గజ్జల్లో, చంకల్లో, ఆడవాళ్ళకి రొమ్ముల కింద, జాకెట్ బిగుతుగా ఉండే చోట ఉంటాది, సిగ్గుపడి చూపించరు, అందుకే జబ్బు దొరకదు. ఇంట్లో ఎవరికైనా జ్వరం వస్తే బట్టలు తీసి ఇంట్లోవాళ్ళే ఒళ్ళంతా ఒకసారి చూడండి.

మన వైపు జ్వరమంటే ముందు మలేరియా పరీక్ష చేస్తారు, అది చెయ్యాల్సిందే. మలేరియా లేదు, డెంగీ లేదు అన్నాక కూడా జ్వరం ఐదు రోజులు దాటితే మీరే నోరు తెరిచి స్క్రబ్ టైఫస్ పరీక్ష చేస్తారా అని అడగండి, బరంపురం ఎంకేసీజీ మెడికల్ కాలేజీ ఆస్పత్రికి పంపినా వెళ్ళండి. డాక్సీసైక్లిన్, అజిత్రోమైసిన్ లాంటి చవక మందులతోనే తగ్గే జబ్బు ఇది, ఆలస్యమైతేనే ఊపిరితిత్తులు, కిడ్నీలు దెబ్బతింటాయి. మందుల షాపులో సొంతంగా అడిగి కొనొద్దు, గర్భిణులకీ చిన్నపిల్లలకీ ఏ మందు, ఎంత అనేది డాక్టరే చెప్పాలి.

ఆస్పత్రికి వెళ్ళేటప్పుడు ఒక కాగితం మీద ఇవి రాసి పట్టుకెళ్ళండి, ఒడియాలో మాట్లాడటం అలవాటు లేని మన పెద్దవాళ్ళయితే తప్పకుండా, పిల్లల చేత ఒడియాలో రాయించైనా: పిడుదు ఎప్పుడు కరిచింది, ఎక్కడ కరిచింది, తోటకో అడవికో ఏ రోజు వెళ్ళారు, జ్వరం ఏ తారీఖున మొదలైంది, ఇంట్లో కుక్క కూడా జబ్బుపడిందా, ఇప్పటిదాకా ఏ మాత్రలు వేసుకున్నారు. నల్ల పక్కు ఉంటే చీటీ రాయకముందే డాక్టరుకి చూపించండి.